దావాసురుడి ముఖం

పదకొండో వారం

పోయిన వారం మనం రాజక్కను ఖిలా వరంగల్‌లో, రాతి తోరణం ముందు, ఎండలో నేల మీద కూర్చోబెట్టి వదిలేశాం. ఆమె చుట్టూ అయిదు వందల మంది జనం. అందరి చేతుల్లోనూ రాళ్ళు. నిజం రాళ్ళు కావు, దూది ఉండలకు బూడిదరంగు పూసిన సినిమా రాళ్ళు. తోరణం కింద ఎత్తయిన అరుగు మీద దావాసురుడు నిలబడి ఉన్నాడు.

ఈ వారమే కథ చేతికి తీసుకున్నవారికి రెండు మాటలు. ఖాండవ వనం కాలి చల్లారినాక ఆరకుండా మిగిలిన ఒక్క నిప్పుకణంలోంచి పుట్టినవాడు దావాసురుడు. ఏ పురాణంలోనూ కనబడడు. హనుమకొండ మిషన్ బడిలో డ్రాయింగు మాస్టరు కృపానందం చేతిలో పుట్టి, మద్రాసు నుంచి వచ్చే పిల్లల మాసపత్రికలో నాలుగేళ్ళుగా బొమ్మల కథగా నడుస్తున్నాడు. ముఖంలో ఎడమ సగం కాలిపోయి ఉంటుంది. ఎడమ చెవి లేదు. ఆ వైపు కన్ను సగమే తెరుచుకుంటుంది. పిల్లల్ని మింగబోయే ముందు వాళ్ళ మీదికి వంగి, ముఖంలో ముఖం పెట్టి, ఒక్కటే మాట అంటాడు. “కళ్ళు మూసుకో.” బళ్ళల్లో పిల్లలు ఆ మాట అని ఒకరినొకరు భయపెట్టుకుంటారు. ఆ రాక్షసుణ్ణి తెర మీదికి తేవడానికి దర్శకుడు సారంగపాణి మద్రాసు నుంచి కెమెరాలతో దిగి పన్నెండు రోజులైంది.

ఆ పొద్దున తీస్తున్నది జనం తిరగబడే ఘట్టం. నటుడు వంగి, “కళ్ళు మూసుకో” అన్నాడు. విజిల్ మోగింది. చేతులన్నీ లేచాయి. ఒక్క చెయ్యి మాత్రం లేవలేదు. కూలికి వచ్చిన రాజక్క చేతిలోని రాయి కింద పడేసి, ఉన్నచోటనే కూలబడింది.

“గా ముఖం మీద నేను రాయి ఎయ్య. అది నా మొగని ముఖం” అన్నది.

అక్కడ ఆగాం.

*

చుట్టుపక్కల వాళ్ళు కొందరు నవ్వారు. ఎండదెబ్బ తగిలిందన్నారు కొందరు. అసిస్టెంటు ఒకడు వచ్చి, లేచి పక్కకు పొమ్మని గదమాయించాడు. అప్పటికే ఎండకు నటుడి చెంప మీద మైనం కరిగి మెడలోకి జారుతోంది. సారంగపాణి ఆకాశం వైపు చూసి, “నాలుగింటికి మళ్ళీ తీద్దాం. ఎవరూ కదలొద్దు, ఇక్కడే భోజనాలు” అని చెప్పి పందిట్లోకి వెళ్ళిపోయాడు.

కృపానందం వచ్చి రాజక్కను లేపబోయాడు. ఆమె లేవలేదు. తనే ఆమె ఎదుట ఆ మట్టిలో కూర్చున్నాడు.

“అమ్మా, నా పేరు కృపానందం. ఆ రాక్షసుని బొమ్మ గీసింది నేనే. నీ మనసుకు కష్టమైతే అనాల్సింది నన్ను. వాళ్ళను కాదు.”

రాజక్క తలెత్తింది. యాభై దాటిన మనిషి. నాట్లేసి నాట్లేసి వంగిన నడుము. కళ్ళల్లో కోపం ఉంది గాని, ఆ కోపం కింద ఇంకా పెద్దదేదో ఉందని అతనికి అనిపించింది.

“నువ్వేనా సారూ గీసింది?”

“నేనే.”

“మా ఆయన నీకేం అన్యాలం జేసిండు?”

“మీ ఆయనను నేను ఎన్నడూ చూడలేదమ్మా. ఆయనెవరో నాకు తెల్వదు.”

“చూడకుంటే గా ముఖం ఎట్లొచ్చింది? చెవి పోయింది ఎడమదే. కన్ను సగం మూతవడ్డది ఎడమదే. మూతి గిట్ల పక్కకు గుంజుకపోయింది. పద్దెనిమిదేండ్లసంది గా మూతికి బువ్వ పెడ్తాన. నాకు తెల్వదా?”

“కాలిన ముఖాలు లోకంల చాలా ఉంటయి గదా.”

“ఉంటయి. నేనూ గట్లనే అనుకున్న. పొద్దుగాల గా సినిమాయన రంగేసుకొని బయటికొస్తే పానం జల్లుమన్నది గని, కాలినోల్లందరు ఒక్కతీర్గనే ఉంటరేమో అనుకొని ఊకున్న. రాయి గూడ చేతిల వట్టిన. గని ఆయన గా మాటన్నడు.”

“ఏ మాట?”

“కండ్లు మూస్కో అని.”

గాలి లేదు. తోరణం మీద రాతి హంసలు ఎండలో తెల్లగా మెరుస్తున్నాయి. రాజక్క ముందుకు వంగి గొంతు తగ్గించింది.

“ముఖమంటే ఏ బస్సులనో, ఏ అంగట్లనో చూసినవనుకుంట. గా మాట ఎవలు చెప్పిన్రు నీకు? గా మాట ఎరికైంది ముగ్గురికే. మా ఆయనకు, నాకు, ఒక పసిపోరనికి.”

కృపానందం ఇరవై మూడేళ్ళ జీవితంలో ఆ ముఖం, ఆ మాట ఎక్కడివో తనను పెంచిన మరియమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు. పత్రికవాళ్ళు అడిగితే పురాణాలు చదివి ఊహించానన్నాడు. సారంగపాణి అడిగితే గుడి శిల్పాల్లో చూశానన్నాడు. కాని ఈ ఆడమనిషి అడిగిన తీరులో అబద్ధానికి చోటు లేదు.

“ఎవరూ చెప్పలేదు. కల వస్తది” అన్నాడు.

“ఏం కల?”

“చిన్నప్పటి నుంచి ఒక్కటే. చుట్టూ ఎర్రగ ఉంటది. ఊపిరాడదు. పైన ఒక ముఖం కాలుతుంటది. అది నా మీదికి వంగుతది, నోరు తెరుస్తది, ఆ మాటంటది. ఒర్రుకుంట లేచేటోణ్ణి. పన్నెండేండ్లప్పుడు ఒకనాడు పలక మీద ఆ ముఖం గీసిన. ఆ రోజు నిద్ర పట్టింది. మర్నాడు మళ్ళా గీసిన. గీస్తే కల రాదు. అట్ల అలవాటైంది.”

రాజక్క అతని ముఖంలోకే చూస్తోంది. ఏదో లెక్క వేసుకుంటున్నట్టు ఆమె పెదవులు కదిలాయి.

“నువ్వు ఏడ పెరిగినవు?”

“హనుమకొండల. మిషనోళ్ళ పిల్లల ఇంట్ల. నాకు అమ్మానాయిన లేరు. ఎవరో తెచ్చి అప్పజెప్పిన్రట.”

“ఎవలు?”

“తెల్వదు.”

పందిట్లోంచి అన్నం గంగాళాల చప్పుడు వినిపిస్తోంది. రాజక్క చెయ్యి చాచి, అతని మోకాలి మీద పెట్టి, పిలిచినట్టు కాదు, ఉందో లేదో చూసుకుంటున్నట్టు, మెల్లగా అన్నది.

“మల్లిగా.”

ఆ పేరు అతనిలో ఏ తలుపూ తట్టలేదు. ఎవరినో పిలుస్తోందనుకుని వెనక్కి తిరిగి చూశాడు. వెనుక ఎవరూ లేరు.

“నిన్నే కొడుకా” అన్నది రాజక్క. “నీ పేరు మల్లిగాడు.”

*

ఆమె చెప్పిన సంగతి ఇది.

“పాలంపేట చెరువు తూముకు మరమ్మతు నడుస్తాంది అప్పుడు. ఏడికెల్లి ఏడికెల్లో కూలోల్లు దిగిన్రు. కట్ట కింద వరసగ తాటాకు గుడిసెలు. మీ అవ్వ, నాయిన గట్ల వచ్చినోల్లే. ఏ ఊరో మాకు ఎరికలే. రాళ్ళు కొట్టేటోల్లు. అవ్వ పేరు సమ్మమ్మ. నాయిన పేరు మొండయ్య.”

“ఇంకోసారి చెప్పు” అన్నాడు కృపానందం.

“సమ్మమ్మ. మొండయ్య.”

అతను తల వంచుకున్నాడు. బడి రిజిస్టరులో, బాప్తిస్మపు చీటీలో, తల్లిదండ్రుల పేర్ల గళ్ళల్లో ఇన్నేళ్ళూ ఒక గీత మాత్రమే ఉంది.

“ఎండకాలం, మిట్టమధ్యాహ్నం. గాలిదుమారం లేచింది. ఎవలి పొయ్యిలకెల్లో నిప్పు ఎగిరింది. తాటాకు ఎంతసేపు బిడ్డా, చూస్తాంటనే నాలుగు గుడిసెలు. మీ నాయిన నీ చెల్లె కోసం లోపటికి పోయిండు. మీ అవ్వ మీ నాయిన కోసం పోయింది. ముగ్గురు తిరిగి రాలే. నువ్వు నీళ్ళ గోలెం ఎనుక ముడుసుకొని కూసున్నవు. ఎవలికీ కనవడలే. మా ఆయన కట్టయ్యకు ఏడుపు ఇనవడ్డది. గోనెసంచి నీళ్ళల్ల ముంచి కప్పుకొని ఉరికిండు. నేను అంగి వట్టి గుంజిన. ఇడిపించుకున్నడు.”

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకోలేదు. చెబుతూనే పోయింది.

“నీకు సంచి చుట్టి సంకల వెట్టుకున్నడు. అప్పుడే దూలం ఇరిగి ముఖం మీద వడ్డది. ఎడమ దిక్కంత అంటుకున్నది. గయినా నిన్ను ఇడువలే. నువ్వేమో కండ్లు పెద్దగ జేసుకొని ఆయన ముఖం దిక్కే చూస్తానవట. నిప్పులు రాలి పోరని కండ్లు పోతయని ఒకటే మొత్తుకున్నడు, కండ్లు మూస్కో, కండ్లు మూస్కో అని. నువ్వు మూయలే.”

అరుగు పక్కన సినిమా వాళ్ళు నిలబెట్టిన అట్ట బొమ్మ ఉంది. పన్నెండడుగుల దావాసురుడు. కృపానందం దానివైపు చూడకుండా ఉండాలనుకున్నాడు. చూశాడు. మూతి పక్కకు గుంజుకుపోయి, నోరు తెరిచి, చేతిలో ఒక పసివాణ్ణి పట్టుకుని ఉన్నాడు. నాలుగేళ్ళుగా నెలకు ఆరు పేజీలు ఆ నోటి చేత పిల్లల్ని మింగించింది తనే.

“తర్వాత?” అన్నాడు.

“తర్వాత ఇద్దర్ని బండ్లేసుకొని మిషన్ దవాఖానకు తెచ్చినం. నీ ఒంటి మీద ఒక్క బొబ్బ లేదు. నిన్ను పిల్లల ఇంట్ల ఉంచుకున్నరు. ఆయన ఆర్నెల్లు మంచంల ఉన్నడు. మాకు పిల్లలు లేరు కొడుకా. నిన్ను సాదుకుందామనుకున్నం. కట్లు ఇప్పినంక ముందుగాల పోరన్నే చూస్తనన్నడు. నేను నీకు ఎర్రంగి కుట్టించి తెచ్చిన. నువ్వు ఆయనను చూసి ఒర్రినవు. ఒర్రి ఒర్రి సోయి తప్పినవు.”

“ఒక్కసారేనా వచ్చింది?”

“మూడుపాల్లొచ్చినం. రెండోపాలి ముఖం మీద తువ్వాల కప్పుకున్నడు. గాలికి జారింది. మూడోపాలి లోపటికే రాలే. గోడవతల నిలవడి నన్ను పంపిండు. నువ్వు నా దగ్గరికి మంచిగనే వచ్చినవు. నా సంకల కూసొని పేలాలు తిన్నవు. గంతల ఆయన దగ్గిండు. పొగ మింగిన గొంతు, ఆపుకుందామన్నా ఆగదు. దగ్గు ఇని గుర్తువట్టినవు. నా చెయ్యి కొరికి ఉరికినవు.”

రాజక్క తన ముంజేయి ఒకసారి చూసుకుంది. అక్కడేమీ లేదు, ముసలితనపు ముడతలు తప్ప.

“అక్కడి ఆయమ్మ చెప్పింది, పోరడు బతికి బట్టకట్టాల్నంటే మీరు రావొద్దని. ఆమెను తప్పు అనలే మేము. మల్ల రాలే.”

కృపానందం ఆమె చేయి రెండు చేతులతో పట్టుకున్నాడు. క్షమించమనడానికి కూడా ఒక వరస ఉంటుంది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియాలి. అతనికి తెలియలేదు.

“ఆయన ఉన్నడా?” అని మాత్రం అడిగాడు.

“ఉన్నడు. పాలంపేటల నీరటి పని. తూము ఎత్తుడు, పొలాలకు నీళ్ళు ఇడుసుడు. కట్ట మీదనే ఉంటడు. నలుగురిలకు రాడు. బస్సు ఎక్కక పదేండ్లాయె. నాకే ఇంటికాడ పని లేక, చెల్లె దగ్గర నాల్గు దినాలుందామని వచ్చి ఈ సినిమా కూలిల వడ్డ.”

“నా గురించి ఎప్పుడన్న అడుగుతడా?”

“అడుగడు. నీ మాటెత్తితె నేను ఏడుస్తనని అడుగడు.” ఆమె లేచి నిలబడి చీర దులుపుకుంది. “సారూ, నాలుగ్గొట్టంగ మల్ల రాళ్ళెయ్యమంటరట. నువ్వు చెప్తే ఆపరా?”

కొడుకా అన్న నోటితోనే మళ్ళీ సారూ అన్నది. అదే అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

“చెప్త” అన్నాడు.

*

పందిట్లో సారంగపాణి పెరుగన్నం ముందు పెట్టుకుని తినకుండా కూర్చున్నాడు. ఆయనకు కొంచెం అవతల నటుడు కుర్చీలో వెనక్కి వాలి ఉంటే, మేకప్ మనిషి అతని ముఖం మీది మైనం చెంచాతో గీకి తీస్తున్నాడు.

“రండి మాస్టారూ, కూర్చోండి. ఆ పెద్దావిడ సర్దుకుందా?”

“దావాసురుని ముఖం మార్చాలె” అన్నాడు కృపానందం.

సారంగపాణి నవ్వలేదు. కోపగించుకోనూ లేదు. కంచం పక్కకు జరిపాడు.

“ఎందుకో చెప్పండి. వింటాను. కాని ముందు నా మాటొకటి వినండి. పిల్లల బొమ్మల పుస్తకంలో రాక్షసుణ్ణి పెట్టి సినిమా తీస్తానంటే మద్రాసులో అందరూ నవ్వారు. పేరున్న రాక్షసులు మనకు తక్కువా, కొత్తవాడెందుకు అన్నారు. నేను జవాబు చెప్పలేదు. మీ బొమ్మ ఒకటి తీసి బల్ల మీద పెట్టాను. ఎవరూ మాట్లాడలేదు. ఆ ముఖం చూస్తే భయం వేస్తుంది. భయంతో పాటు ఇంకేదో కూడా కలుగుతుంది. అదేమిటో నాకిప్పటికీ అంతుపట్టలేదు. ఆ అంతుపట్టనిదాని కోసమే ఈ సినిమా తీస్తున్నాను.”

“అదేందో నాకు ఇయ్యాల తెలిసింది” అన్నాడు కృపానందం.

అంతా చెప్పాడు. గుడిసెలు, గోనెసంచి, దూలం, మూడుసార్లు రావడం, దగ్గు. చెప్పడం అయ్యాక సారంగపాణి కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడిచాడు. ఆయన కళ్ళు తడిగానే ఉన్నాయి. ఆ తడికళ్ళు మెల్లగా పక్కకు తిరిగి, నటుడి చెంప మీంచి ఊడి వస్తున్న మైనం ముద్ద మీద ఆగాయి.

“మాస్టారూ, అతను బతికే ఉన్నాడా?”

కృపానందం ఆ చూపు ఎక్కడ ఆగిందో గమనించాడు.

“ఎందుకు?”

“పన్నెండు రోజులయింది. దావాసురుడి ముఖం దగ్గరగా ఒక్క షాటు కూడా తియ్యలేకపోయాను. ఎండకు మైనం నిలవడం లేదు. కెమెరా దగ్గరికి జరిగితే మైనం కింది దూది బయటపడుతోంది. అలాంటి మనిషి నిజంగా ఉంటే, ఒక్క పూట చాలు. గౌరవంగా తీసుకొస్తాను. గౌరవంగా పంపిస్తాను.”

“తీసుకొచ్చి రాళ్ళేయిస్తరా?”

“దూది రాళ్ళే కదండీ.”

ఆయన ఆ మాట చెడుగా అనలేదు. నిజంగానే అందులో తప్పు కనబడక అన్నాడు. కృపానందానికి భయం వేసింది అందుకే. తువ్వాల కప్పుకుని గోడవతల నిలబడ్డ మనిషిని ఈయన చేయి పట్టుకుని, మర్యాదగా, కెమెరా ముందుకు నడిపిస్తాడు.

“చచ్చిపోయిండు” అన్నాడు.

ఆలోచించి అన్న మాట కాదు. కాపాడుదామని అన్నాడు. కాని అది నోట్లోంచి వెలువడగానే, గంట క్రితం దొరికిన మనిషిని తన చేతుల్తోనే పూడ్చినట్టయింది.

“పాపం” అన్నాడు సారంగపాణి. తర్వాత కళ్ళజోడు పెట్టుకున్నాడు. “అయితే మాస్టారూ, ముఖం మార్చవలసిన పని ఏముంది? పోయినవాడికి ఈ బాధలుండవు. ఆ పెద్దావిడను ఇంటికి పంపించండి, ఆమె చూడనవసరం లేదు. ఖిలాలో మనకు రేపటితో గడువు అయిపోతుంది. ఈ జనాన్ని మళ్ళీ పోగుచెయ్యలేను. నాలుగింటికి తీస్తాను.”

తన అబద్ధమే తన నోరు మూసింది. ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకుంటే జీపు పాలంపేట వెళుతుంది. తీసుకోకపోతే రాళ్ళు లేస్తాయి. కృపానందం పందిట్లోంచి బయటికి వచ్చి, రాజక్కను వాళ్ళ చెల్లెలి ఇంటికి పొమ్మని చెప్పి, సైకిలెక్కాడు. ఆపలేకపోయానని చెప్పడానికి నోరు రాలేదు. ఆమె కూడా అడగలేదు.

*

మూడోసారి వచ్చినప్పుడు ఇక రావద్దని చెప్పిన ఆయమ్మ ఎవరో అతనికి తెలుసు. ఒర్రుకుంటూ లేచినప్పుడల్లా తనను ఒళ్ళో వేసుకుని కూర్చున్న మనిషి. తలకు నూనె రాసింది ఆమె. మొదటి పలక కొనిచ్చింది ఆమె. పని మానుకున్నాక మరియమ్మ హనుమకొండ సుబేదారిలో ఒక్కగది ఇంట్లో ఉంటోంది. అతను వెళ్ళేసరికి గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. సైకిలు స్టాండు వెయ్యకుండా గోడకు పడేసి వచ్చిన అతన్ని చూసి చేట కింద పెట్టింది.

“ఎవరు చెప్పిన్రు?” అన్నది.

ఏ సంగతి అని కూడా అనలేదు. ఎన్నేళ్ళుగానో ఆ గుమ్మంలో ఈ ఘడియ కోసమే కూర్చున్నట్టు అడిగింది.

“రాజక్క.”

“ఆమె ఎట్లున్నది?”

“ఆయమ్మా, నాకెందుకు చెప్పలేదు?”

మరియమ్మ గోడకు ఆనుకుంది. “నువ్వు పసోనివి. ఆ మనిషి వచ్చిపోయిన్నాడల్లా నీకు వారం దినాలు జ్వరం. పోరడు పోతడేమోనని భయపడ్డ. రావొద్దన్న. ఆ మాట అన్నప్పుడు ఆయన నన్ను ఏమీ అనలే. దండం పెట్టి పోయిండు. నువ్వు పెద్దోనివైనంక చెప్దామనుకున్న. అప్పటికి ఇంకో భయం వట్టుకున్నది, నువ్వు నన్నేమంటవో అని.” చేట పక్కకు జరిపింది. “పత్రికల నీ మొదటి బొమ్మ పడ్డనాడే నాకు తెలిసింది కృపా, అది ఎవరి ముఖమో.”

“తెలిసీ ఊకున్నవు.”

“ఊకోలే. ఆ పుస్తకం ఆయనకు పంపిన.”

కృపానందం అక్కడే గుమ్మం మీద కూలబడ్డాడు.

మరియమ్మ లోపలికి వెళ్ళి ఒక రేకు డబ్బా తెచ్చింది. అందులో పోస్టుకార్డులు, దారంతో కట్టినవి. అన్నిటిమీదా ఒకటే చేతిరాత. పాలంపేట బడిపంతులు రాసిపెట్టినవి.

“ఆయనకు తెల్వకుండ ఇంకెవరో చూపించి నవ్వితే ఏందని భయమైంది. మీ పోరడు నిన్ను రాక్షసుణ్ణి చేసిండు, వానికి తెల్వదు, క్షమించుమని రాసి పంపిన. ఇది దానికి జవాబు.”

కార్డు అంచులు పచ్చబడి ఉన్నాయి. కృపానందం చదివాడు.

“మరియమ్మ గారికి పాలంపేట నుండి కట్టయ్య వ్రాయించునది. పుస్తకం అందినది. క్షమించుమని వ్రాసినారు. క్షమించుటకు ఏమున్నది. పంతులు గారు బొమ్మలు చూపినారు. చెవి లేదు, కన్ను సగమే ఉన్నది, మూతి వంకర ఉన్నది, అన్నీ సరిగ్గనే ఉన్నవి. ఒక్క గడియ చూసిన ముఖం. గంత పసోడు, గన్నేండ్లకు. నేను అన్న మాట గూడ రాసినాడు. నేను వాన్ని పోగొట్టుకున్ననని అనుకుంటి. పోరడు నన్ను మర్వలేదు. ప్రతి నెల పుస్తకం పంపగలరు. రాజక్కకు తెలియనియ్యను, ఏడుస్తది.”

అక్షరాలు పంతులువి. మధ్యమధ్యలో పంతులు దిద్దలేక వదిలేసిన మాటలు కట్టయ్యవి. కృపానందం కార్డు మోకాళ్ళ మీద పెట్టుకుని చాలాసేపు ఏడ్చాడు. మరియమ్మ చిన్నప్పటిలా ఒళ్ళోకి తీసుకోలేదు. పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది, అంతే. ఇన్నేళ్ళ కల, ఇన్ని వందల బొమ్మలు, తను ఎవరినుంచో పారిపోతున్నాననుకున్నాడు. అవన్నీ ఒక మనిషికి నెలనెలా ఉత్తరాల్లా చేరుతూనే ఉన్నాయి.

ఏడుపు నెమ్మదించాక, కట్టలో అన్నిటికన్నా పైనున్న కార్డు తీశాడు. సిరా ఇంకా కొత్తగా ఉంది.

“అది మొన్ననే వచ్చింది” అన్నది మరియమ్మ. “నీకు చెప్పొద్దని రాసిండు. ఇప్పుడు ఇంక దాచేదేమున్నది, చదువు.”

“ఖిలాలో సినిమా తీస్తున్నారని పంతులు గారు చెప్పినారు. పోరడు అక్కడనే ఉంటాడట. పెద్దగైనంక ఎట్లున్నడో ఒక్కసారి చూడాలని ఉన్నది. తువ్వాల కప్పుకొని మందిలో నిలబడితే ఎవరికీ ఎరుకపడదు. ములుగు దాకా బండి మీద వచ్చి శుక్రవారం పొద్దుగాల మొదటి బస్సుకు వస్తాను. పోరనికి చెప్పవద్దు, మళ్ళా భయపడతాడు. దూరంకెల్లి చూసి, సాయంత్రం వరకు ఉండి, పోతాను.”

కృపానందం రెండోసారి చదివాడు. పన్నెండు రోజులుగా షూటింగుల్లో పడి అతనికి వారాలు గుర్తులేవు.

“ఆయమ్మా, ఇయ్యాల ఏం వారం?”

మరియమ్మ జవాబు చెప్పకముందే అతను గది లోపలికి చూశాడు. నేల ఊడ్చి చాపలు పరిచి ఉన్నాయి. ప్రతి శుక్రవారం సాయంత్రం ప్రార్థన కూటం ఆమె ఇంట్లోనే.

గోడ మీద గడియారం మూడు ఇరవై చూపిస్తోంది. సుబేదారి నుంచి ఖిలాకు సైకిలు మీద ఎంత తొక్కినా గంట. నాలుగింటికి విజిల్ మోగుతుంది. తోరణం ముందు మందిలో నిలబడ్డ ప్రతి మనిషికీ సినిమా వాళ్ళు ఒక రాయి ఇస్తారు. బస్సు దిగి ఆ మందిలో కలిసిన కట్టయ్య చేతిలో కూడా ఈపాటికి ఒకటి పెట్టే ఉంటారు.